బ్యాంకాక్‌కు మేమిద్దరమే వెళ్ళగలమా?

ప్రశ్న: మా వారు రైల్వేలో పనిచేసి ఈ ఏడాది పదవీ విరమణ చేశారు. మా పెళ్ళయి ముప్ఫయ్యేళ్ళు నిండిన సందర్భంగా మా అబ్బాయి నవంబరులో ఆరు రోజుల కోసం బ్యాంకాక్‌కు రానుపోను విమాన టికెట్లు కొనిపెట్టాడు. ఇద్దరికీ ఇదే మొదటి విదేశీ ప్రయాణం. పదిమందితో కలిసి వెళ్తే దిగులుండదని, మూడు రాత్రులు పట్టాయాలోనూ రెండు రాత్రులు బ్యాంకాక్‌లోనూ ఉంచే ప్యాకేజీ తీసుకుందామని ఆయన అంటున్నారు. బస్సులో కూర్చోబెట్టి గంటకొక చోట దించే యాత్ర నాకు వద్దు. ఒకే ఊళ్ళో ఉండి మా తీరికన చూడాలని ఉంది. ఈ మాట మీద ఇంట్లో రోజూ వాదన జరుగుతోంది. మేము శాకాహారులం, గుడ్డు కూడా తినము. నాకు మోకాళ్ళ నొప్పి ఉంది. పైగా బ్యాంకాక్ అనగానే బంధువులు ముసిముసిగా నవ్వుతున్నారు. మాలాంటి దంపతులు వెళ్ళదగిన ఊరేనా అది? మేమిద్దరమే తిరగగలమా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం:

అమ్మా, బ్యాంకాక్ మీరు నిశ్చింతగా వెళ్ళదగిన ఊరే. అక్కడ మీరిద్దరే తిరగగలరు కూడా. అయితే మీ ఉత్తరంలో మీ కోరిక ఎంత స్పష్టంగా ఉందో, మీ వారి దిగులు కూడా అంతే స్పష్టంగా కనిపిస్తోంది. దానిని మొండితనంగా తీసుకుంటే మీ వాదన తెగదు. ఉద్యోగమంతా క్రమపద్ధతికి అలవాటు పడిన మనిషి, భాష తెలియని దేశంలో భార్య బాధ్యత తనమీద వేసుకుని వెళ్తున్నప్పుడు, దారి చూపే మనిషి ఒకరు వెంట ఉండాలని కోరుకోవడం సహజం. కనుక ప్యాకేజీ వద్దని చెప్పడంతో సరిపెట్టకుండా, ప్యాకేజీ వల్ల ఆయన పొందాలనుకుంటున్న ధైర్యాన్ని వేరే విధంగా ఎలా సమకూర్చుకోవచ్చో చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ముందుగా బంధువుల నవ్వు సంగతి. బ్యాంకాక్‌కూ పట్టాయాకూ వచ్చిన ఆ పేరుకు ఒక చరిత్ర ఉంది. వియత్నాం యుద్ధకాలంలో అమెరికా సైనికులను విశ్రాంతి కోసం థాయిలాండ్‌కు పంపేవారు. వారి కోసం పుట్టుకొచ్చిన మద్యశాలల వీధులు యుద్ధం ముగిశాక కూడా మిగిలిపోయాయి. మన ఊళ్ళ నుంచి గుంపులుగా వెళ్ళిన కొందరు మగవాళ్ళు ఆ కొద్ది వీధులనే చూసి వచ్చి, ఊరంతా అదే అన్నట్టు కథలు చెప్పారు. బ్యాంకాక్‌లో అటువంటివి పత్‌పోంగ్, నానా, సోయ్ కౌబాయ్ వంటి కొన్ని సందులు మాత్రమే. వెతుక్కుంటూ వెళ్ళనివారికి అవి తగలనైనా తగలవు. తెల్లవారకముందే భిక్షకు బయలుదేరే బౌద్ధ భిక్షువులు, బడి దుస్తుల్లో పడవ ఎక్కే పిల్లలు, వీధి మూలనున్న చిన్న మందిరం ముందు నిలబడి చేతులు జోడించి ఆఫీసుకు పోయే ఉద్యోగులు ఉండే ఊరు అది. కుటుంబాలూ వృద్ధ దంపతులూ అన్ని దేశాల నుంచీ అక్కడికి వస్తారు. ఊరి పేరు చెప్పడానికి మీరు సంకోచించవలసిన పని లేదు.

పట్టాయా గురించి నా అభిప్రాయం సూటిగానే చెబుతాను. అది బ్యాంకాక్‌కు సుమారు 150 కిలోమీటర్ల దూరంలో ఉంది. వెళ్ళడానికి రెండు రెండున్నర గంటలు, రావడానికి అంతే సమయం పడుతుంది. చేతిలో ఉన్నవి ఆరు రోజులు, వాటిలో మొదటిదీ చివరిదీ విమానాశ్రయాలకే పోతాయి. మిగిలిన నాలుగింటిని రెండు ఊళ్ళకు పంచితే ఏ ఊరూ మనసుకు పట్టదు. సముద్రం చూడాలనుకుంటే మీకు సూర్యలంక దగ్గరే ఉంది. పైగా చవక ప్యాకేజీలలో రత్నాల దుకాణం, తోలు వస్తువుల దుకాణం వంటి చోట్ల గంటల తరబడి ఆపడం మామూలే. అమ్మకాలపై వచ్చే కమీషను మీదనే ఆ యాత్రలు చవకగా నడుస్తాయి.

ఇక మీ వారి దిగుళ్ళు. దారి తప్పుతామేమో, మాట అర్థం కాదేమో, మోసపోతామేమో అన్న మూడూ వాటిలో ఉండి ఉంటాయి. మొదటి రెండింటికీ మందు బస ఎంపికలోనే ఉంది. సఫాన్ తక్సిన్ అనే స్టేషన్ దగ్గర హోటలు తీసుకోమని నా సలహా. 1999లో మొదలైన ఎత్తు మీది రైలు, దానినే అక్కడ బీటీఎస్ అంటారు, ఆ స్టేషన్‌లో ఆగుతుంది. మెట్లు దిగితే చావ్ ఫ్రాయా నది మీద సాథోన్ రేవు ఉంటుంది. ఊళ్ళో చూడవలసిన పాత ఆలయాలు చాలావరకు నది పొడవునా ఉన్నాయి, కొత్త బజార్లు చాలావరకు రైలు పొడవునా ఉన్నాయి. ఈ రెండు దారులూ కలిసే చోట బస చేస్తే, ఎక్కడ తప్పిపోయినా నదిని గానీ రైలును గానీ పట్టుకుంటే మళ్ళీ గదికి చేరిపోవచ్చు. స్టేషన్ల పేర్లు ఇంగ్లీషులో కూడా రాసి ఉంటాయి, ప్రతి స్టేషన్‌కూ ఒక సంఖ్య ఉంటుంది. రైల్వేలో పనిచేసిన మనిషికి ఆ పటం ఒక్కసారి చూస్తే చాలు. రైళ్ళ, పడవల బాధ్యత పూర్తిగా ఆయనకు అప్పగించండి. భయపడే మనిషికి చేతిలో పని పెడితే సగం భయం పోతుంది. ఆ ప్రాంతం నుంచి సీలోం వీధి కూడా దగ్గరే. 19వ శతాబ్దంలో తమిళులు కట్టుకున్న శ్రీ మహామారియమ్మన్ ఆలయం ఆ వీధిలోనే ఉంది, చుట్టుపక్కల భారతీయ భోజనశాలలూ ఉన్నాయి. తెలియని ఊళ్ళో ఒక అమ్మవారి గుడి గంట వినిపిస్తే మీ ఇద్దరికీ కలిగే ధైర్యం వేరు.

మూడవ దిగులు మోసం. బ్యాంకాక్‌లో పర్యాటకుల మీద దౌర్జన్యం అరుదు. అక్కడ జరిగేవి ఎక్కువగా మాటల మోసాలు. వాటిలో అన్నిటికంటే పాతది రాజప్రాసాదం బయట జరుగుతుంది. చక్కటి దుస్తులు వేసుకున్న ఒక పెద్దమనిషి ఎదురొచ్చి, ఈ రోజు ప్రాసాదం మూసివేశారని, మధ్యాహ్నం తెరుస్తారని, ఈలోగా నామమాత్రపు కిరాయికి తుక్‌తుక్‌లో, అంటే మన ఆటో వంటి బండిలో, మరో గుడి చూపిస్తానని ఎంతో మర్యాదగా చెబుతాడు. ఆ తుక్‌తుక్ చివరికి రత్నాల దుకాణం ముందు ఆగుతుంది. రాజకుటుంబ కార్యక్రమాలున్న రోజుల్లో ప్రాసాదంలో కొన్ని భాగాలు మూసివేయడం నిజమే గానీ, ఆ సంగతిని అధికారిక వెబ్‌సైటులో గానీ గేటు దగ్గరి సిబ్బంది నోట గానీ తెలుసుకోవాలి, వీధిలో మనిషి చెబితే నమ్మకూడదు. టాక్సీ ఎక్కేటప్పుడు మీటరు వేయమనండి. కాదంటే నవ్వి పక్కకు తప్పుకోండి, లేదా గ్రాబ్ యాప్‌లో బండి పిలుచుకోండి. ఏ సందర్భంలోనూ గొంతు పెంచవద్దు. నలుగురిలో కోపం చూపించడాన్ని అక్కడివారు చాలా చిన్నతనంగా చూస్తారు, కోపపడిన వాడికి ఎవరూ సాయం రారు. పర్యాటక పోలీసుల నంబరు 1155, ఇంగ్లీషులో మాట్లాడేవారు ఉంటారు. ఆ నంబరును ఇద్దరి ఫోన్లలోనూ వేసుకోండి.

మీ మోకాళ్ళ కోసమూ, మీ ఇద్దరి మధ్య సామరస్యం కోసమూ నేను గట్టిగా చెప్పే మాట ఒకటుంది. రోజుకు ఒక్క పెద్ద ప్రదేశమే పెట్టుకోండి, మధ్యాహ్నాన్ని గదికి ఇచ్చేయండి. నవంబరులో వానలు వెనుకబట్టి, వాతావరణం కాస్త తెరిపిగా ఉన్నా, పదకొండు దాటాక ఎండ మన ఊరి ఎండలాగే పట్టుకుంటుంది. బ్యాంకాక్ జీవితం ఉదయాన ఒకసారి, సాయంత్రం ఒకసారి వీధిలోకి వస్తుంది. ఉదయం ఎనిమిది నుంచి పదకొండున్నర వరకు తిరిగి, భోజనం చేసి, నాలుగింటి దాకా విశ్రాంతి తీసుకుని, మళ్ళీ బయలుదేరితే మీరు అసలు ఊరిని చూసినట్టే. ప్రయాణాల్లో భార్యాభర్తల తగాదాలు చాలావరకు మధ్యాహ్నం రెండు గంటలకు, ఆకలితోనూ కాళ్ళనొప్పులతోనూ, ఇంకొకటి చూద్దామా వద్దా అన్న చోట మొదలవుతాయి. ఆ గంటను ముందే రద్దు చేసుకుంటే సగం తగాదాలు పుట్టనే పుట్టవు.

హైదరాబాదు నుంచి నేరుగా వెళ్ళే విమానాలకు మూడున్నర, నాలుగు గంటలు పడుతుంది. అక్కడి గడియారం మనకంటే గంటన్నర ముందుంటుంది. సువర్ణభూమి విమానాశ్రయం నుంచి ఊళ్ళోకి రైలు ఉన్నా, పెట్టెలతో రెండు చోట్ల మారవలసి వస్తుంది కనుక మొదటి రోజు టాక్సీనే మేలు. కింది అంతస్తులో యంత్రం చీటీ ఇస్తుంది, అందులో ఉన్న నంబరు గల బండి ఎక్కాలి. మీటరు మీద అదనంగా 50 బాత్‌లు విమానాశ్రయ రుసుము, టోల్ చెల్లించడం న్యాయమైన లెక్కే, మోసం కాదు. బాత్ విలువ మన రూపాయల్లో రెండున్నరకూ మూడుకూ మధ్య ఉంటుందని మనసులో పెట్టుకుంటే ధరలు తేలిగ్గా అర్థమవుతాయి.

ఆ మొదటి రోజు మరేమీ పెట్టుకోకుండా, సాయంత్రం నాలుగున్నరకు సాథోన్ రేవులో నారింజ రంగు జెండా పడవ ఎక్కండి. పర్యాటకుల పడవ టికెట్టు అమ్మే కౌంటరు కూడా అక్కడే ఉంటుంది, కానీ ఊరి జనం ఎక్కే నారింజ జెండా పడవకు మనిషికి 16 బాత్‌లే. ఉత్తరానికి పోతుంటే ఎడమ ఒడ్డున వాట్ అరుణ్ అనే ఆలయపు గోపురం, కుడి ఒడ్డున రాజప్రాసాదపు బంగారు శిఖరాలు కనిపిస్తాయి. పడవ రేవుకు తగిలీ తగలకముందే వెనుక నిలబడిన మనిషి ఈల వేస్తూ పడవ నడిపేవాడికి సంకేతాలిస్తాడు. జనం దిగడం, ఎక్కడం క్షణాల్లో జరిగిపోతుంది. మీరు మాత్రం తొందరపడవద్దు, మోకాలి నొప్పి ఉన్నవారు మీ వారి చేయి పట్టుకునే దిగాలి. ఆ ఒక్క ప్రయాణంతో ఊరి ఆకారం మీ ఇద్దరికీ తెలిసిపోతుంది.

రాజప్రాసాదానికి రెండవ రోజు ఉదయం 8.30కి, తలుపులు తీసే వేళకే చేరుకోండి. ప్రవేశం మనిషికి 500 బాత్‌లు. మొదటి రాముడు అనే బిరుదు గల రాజు 1782లో రాజధానిని ఇక్కడికి మార్చినప్పుడు దీని నిర్మాణం మొదలైంది. లోపల వాట్ ఫ్రా కేవ్ ఆలయంలో ఉన్న పచ్చని బుద్ధ విగ్రహం 66 సెంటీమీటర్ల ఎత్తు మాత్రమే. ఎండకాలానికి, వానకాలానికి, చలికాలానికి వేరువేరు బంగారు వస్త్రాలు ఉంటాయి, వాటిని స్వయంగా రాజే మారుస్తాడు. జనమంతా ఆ విగ్రహం చూసి బయటపడతారు గానీ, మీరు ఆలయం చుట్టూ ఉన్న ప్రాకార మండపంలో తప్పక నడవండి. దాని గోడల మీద రామకథ మొత్తం 178 చిత్రఫలకాలుగా ఉంది. నాగలి చాలులో జనకుడికి సీత దొరికే ఘట్టంతో ఆ చిత్రాలు మొదలవుతాయి. థాయ్ రామాయణం పేరు రామకియన్. అందులో రావణుడు తోత్సకాన్, అంటే దశకంఠుడే, ఆకుపచ్చని ముఖంతో ఉంటాడు. సీత అతని కూతురే, హనుమంతుడు బ్రహ్మచారి కాడు. మనకు తెలిసిన కథ వేరొకరి ఇంట్లో వేరుగా పెరిగిన తీరు చూస్తూ, ఇది ఏ ఘట్టమై ఉంటుందని మీ ఇద్దరూ ఊహిస్తూ నడుస్తుంటే గంట ఎలా గడిచిందో తెలియదు. అక్కడక్కడ కూర్చోవడానికి అరుగులు కూడా ఉన్నాయి. భుజాలు, మోకాళ్ళు కప్పే దుస్తులు తప్పనిసరి. చీర కట్టుకుంటే పైట నిండుగా కప్పుకోండి, చెప్పులు విప్పి వేసుకోవడానికీ పడవలు ఎక్కడానికీ చుడీదార్ ఇంకా సుఖం. అదే ఆవరణలో సిరికిత్ రాణి పేరిట 2012లో తెరిచిన వస్త్ర ప్రదర్శనశాల ఉంది. పట్టు అంటే ఇష్టమున్న వారు దాన్ని వదులుకోకూడదు, లోపల చల్లగా కూడా ఉంటుంది.

వాట్ ఫో ఆలయం అక్కడికి నడిచి వెళ్ళేంత దగ్గర. అయినా దానిని సాయంత్రానికి అట్టిపెట్టండి. 46 మీటర్ల పొడవున్న శయన బుద్ధుడు, ముత్యపు చిప్పలు పొదిగిన ఆయన పాదాలు సాయంత్రపు పలుచని జనంలో బాగా కనిపిస్తాయి. థాయ్ సంప్రదాయ మర్దనకు పెద్ద విద్యాకేంద్రం ఈ ఆలయమే, ఇక్కడి శిలాశాసనాల్లో వైద్య విషయాలు చెక్కి ఉన్నాయి. మర్దన అనగానే మన దంపతులు సిగ్గుపడతారు, బంధువుల నవ్వులో సగం దీని గురించే. నిజానికి సంప్రదాయ థాయ్ మర్దన వదులైన దుస్తులు వేసుకునే చేస్తారు, నూనె వాడరు. ఆలయ ఆవరణలోనే ఉన్న శాలలో పక్కపక్క పరుపుల మీద దంపతులు, తల్లీకూతుళ్ళు, స్నేహితులు అందరూ చేయించుకుంటారు. మీరిద్దరూ పాదాల మర్దన చేయించుకోండి, మోకాలి నొప్పి సంగతి ముందే చెప్పండి. తరువాత పక్కనే ఉన్న తా తియన్ రేవు నుంచి ఎదుటి ఒడ్డున వాట్ అరుణ్ వెనుక పొద్దు వాలడం చూడవచ్చు. వాట్ అరుణ్ గోపురం మెట్లు బాగా నిటారుగా ఉంటాయి, మీరు ఎక్కవద్దు. ఈ ఒడ్డు నుంచే అది అందం.

భోజనం విషయంలో మీకు ఒక మంచి వార్త, ఒక హెచ్చరిక. హెచ్చరిక ముందు చెబుతాను. కూరలో మాంసం కనిపించనంత మాత్రాన అది శాకాహారం కాదు. చేపల రసం వారికి మన ఉప్పు వంటిది. కూర ముద్దల్లో రొయ్యల పేస్టు, బొప్పాయి కాయ సలాడ్‌లో ఎండు రొయ్యలు, నూడుల్స్‌లో గుడ్డు ఉంటాయి. మంచి వార్త ఏమిటంటే, చైనా బౌద్ధుల ద్వారా వచ్చిన ‘జే’ అనే భోజన పద్ధతి మీ నియమం కంటే కూడా కఠినమైనది. అందులో మాంసం, చేప, గుడ్డు, పాలు మాత్రమే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. పసుపు జెండా మీద ఎర్ర అక్షరం ఉన్న బండి గానీ దుకాణం గానీ కనిపిస్తే అది జే భోజనం. ‘కిన్ జే’ అంటే చాలు, అర్థం చేసుకుంటారు. ‘మాంగ్‌సవిరత్’, అంటే శాకాహారం, అని రాసిన చోట గుడ్డు ఉండే అవకాశం ఉంది కనుక అడిగి తీసుకోండి. మీ అబ్బాయి చేత ‘మాంసం, చేప, రొయ్య, గుడ్డు, చేపల రసం వద్దు’ అని థాయ్ లిపిలో రాయించి ఫోనులో పెట్టుకుంటే మాటల అవసరమే ఉండదు. కారం మనవారిని భయపెట్టేది కాదు, గుంటూరు వారికి అసలే కాదు, అయినా అక్కడి చిన్న పచ్చిమిర్చి ఘాటు వేరుగా ఉంటుందని మరచిపోవద్దు. ఉదయాన బొప్పాయి, జామ, పంపర పనస ముక్కలు కోసి సంచుల్లో పెట్టి అమ్ముతారు. కొబ్బరి పాలతో వండిన జిగురు అన్నం, మామిడి ముక్కలు ఏడాది పొడవునా దొరుకుతాయి. మన ఇంటి రుచి విడిచి ఆరు రోజులు ఉండలేమనుకుంటే, కందిపొడి, కరివేపాకు కారం వంటి పొడులు గట్టిగా కట్టి పెట్టెలో వేసుకోండి. రోజుకొక పూట సీలోంలోనో, సిక్కుల గురుద్వారా ఉన్న ఫాహురాత్‌లోనో భారతీయ భోజనం చేస్తే సరిపోతుంది. యావరాత్ అనే చైనా బజారు రాత్రి దీపాలతో వెలిగిపోతుందని అందరూ పంపిస్తారు గానీ, అక్కడ వీధి పొడవునా మాంసం, సముద్రపు చేపలు కాలుస్తారు. ఆ వాసన మీకు పడదనిపిస్తే ఉదయమే వెళ్ళి వాట్ త్రైమిత్‌లోని అయిదున్నర టన్నుల బంగారు బుద్ధుణ్ణి చూసి రండి. దాని మీద ఉన్న సున్నపు పూత 1955లో విగ్రహాన్ని తరలిస్తుండగా పగిలి, లోపల బంగారమని బయటపడింది.

మూడవ రోజు ఉదయం ఒక పని చేయమంటాను, మీ వారు ముందు ఒప్పుకోకపోవచ్చు. ఆ పూట ఇద్దరూ వేరువేరుగా తిరగండి. ముప్ఫయ్యేళ్ళు కలిసి బతికినవారు మూడు గంటలు విడిగా తిరిగితే ఏమీ కాదు, మధ్యాహ్న భోజనానికి చెప్పుకోవడానికి మాత్రం చాలా ఉంటుంది. మీరు పాక్ ఖ్లోంగ్ తలాత్ పూలబజారుకు వెళ్ళండి. భూగర్భ రైలులో సనాం చాయ్ స్టేషన్‌లో దిగితే దగ్గర. బంతిపూలు బుట్టల లెక్కన, మల్లెమొగ్గలు సంచుల లెక్కన వస్తుంటాయి. తామర మొగ్గల రేకులను ఒక్కొక్కటే మడతపెట్టి పూజకు సిద్ధం చేసే స్త్రీలు వరుసగా కూర్చుని ఉంటారు. మల్లె, గులాబి, జిల్లేడు పూలు కలిపి వాళ్ళు కట్టే చిన్న దండలను చూస్తే, పూలు కట్టడం వచ్చిన ఏ తెలుగు స్త్రీ అయినా అక్కడి నుంచి తొందరగా కదలలేదు. అక్కడికి ఫాహురాత్ బట్టల బజారు కూడా దగ్గరే. మీ వారు అదే సమయంలో నది అవతల ఉన్న రాజనౌకల ప్రదర్శనశాలకు గానీ, 1916లో కట్టిన హువా లంపోంగ్ రైల్వే స్టేషన్‌కు గానీ వెళ్ళవచ్చు. కలుసుకునే చోటు హోటలే అని, సమయం పన్నెండు అని ముందే అనుకోండి. ఇద్దరి దగ్గరా హోటలు పేరు థాయ్ లిపిలో ఉన్న కార్డు, కొంత నగదు, పనిచేసే సిమ్ ఉండాలి.

పట్టాయా బదులు ఊరు దాటి ఒక రోజు గడపాలనుకుంటే అయుత్థయకు వెళ్ళండి, అదీ రైలులో. సుమారు 80 కిలోమీటర్లు, గంటన్నర నుంచి రెండు గంటల ప్రయాణం. దూరప్రయాణపు రైళ్ళు 2023 నుంచి క్రుంగ్ థేప్ అఫివత్ అనే కొత్త స్టేషన్‌కు మారాయి, కొన్ని సాధారణ రైళ్ళు మాత్రం హువా లంపోంగ్ నుంచే బయలుదేరతాయి. మూడో తరగతి పెట్టెలో కిటికీలు తెరిచి, వరిచేల మధ్య పోయే ఆ ప్రయాణం మీ వారి కోసమే ఉన్నట్టుంటుంది. గుంటూరు వైపు ఒకప్పుడు నడిచిన మీటర్ గేజ్ పట్టాలే అక్కడ ఇప్పటికీ ప్రధాన మార్గం. అయోధ్య పేరు పెట్టుకున్న ఆ నగరం 14వ శతాబ్దం నుంచి నాలుగు వందల ఏళ్ళకు పైగా రాజధానిగా ఉండి, 1767లో బర్మా సేనల చేతిలో ధ్వంసమైంది. వాట్ మహాథాత్‌లో రావిచెట్టు వేళ్ళ మధ్య ఇరుక్కున్న బుద్ధుని శిరస్సు ఉంది. దాని పక్కన ఫోటో తీసుకునేవారు ఆ శిరస్సు కంటే తగ్గి, నేల మీద కూర్చోవాలి. శిథిలాలు దూరదూరంగా ఉంటాయి కనుక గంటల లెక్కన ఒక తుక్‌తుక్ మాట్లాడుకుని, నాలుగైదు చోట్లకే పరిమితమై, ఎండ ముదరకముందే నీడకు చేరండి.

గుంటూరు వారు కనుక ఇంకొక చోటు చెప్పకుండా ఉండలేను. రాజప్రాసాదానికి ఉత్తరాన ఉన్న జాతీయ ప్రదర్శనశాలలో ద్వారవతి అనే ప్రాచీన రాజ్యపు కాలం నాటి బుద్ధ విగ్రహాలు, ధర్మచక్రాలు ఉన్నాయి. ఆ శిల్పరీతి మీద మన అమరావతి ప్రభావం ఉందని కళాచరిత్రకారులు చెబుతారు. కృష్ణాతీరం నుంచి ఆ రూపాలు సముద్రం దాటి వెళ్ళిన సంగతిని అక్కడ కళ్ళతో చూడవచ్చు. సోమ, మంగళ వారాల్లో సెలవు.

ప్రయాణపు తేదీల్లో కార్తిక పౌర్ణమి పడుతుందేమో పంచాంగం చూడండి. థాయ్‌వారి లోయ్ క్రథోంగ్ పండుగ సాధారణంగా ఆ పున్నమికే వస్తుంది. అరటి బోదె ముక్క మీద ఆకులు, పూలు అమర్చి, కొవ్వొత్తి, అగరవత్తులు వెలిగించి నీటిలో వదులుతారు. అరటి దొప్పలో దీపం పెట్టి కృష్ణలో వదిలే అలవాటున్న మీకు అది ఎవరూ నేర్పనక్కరలేదు. ఆ రాత్రి రేవుల దగ్గర తొక్కిసలాట ఉంటుంది కనుక నది ఒడ్డుకు పోకుండా, చెరువున్న ఉద్యానవనంలో గానీ మీ హోటలు దగ్గరి గుడిలో గానీ వదలండి.

మర్యాదల విషయంలో మనకు పెద్ద ఇబ్బంది ఉండదు. వారి నమస్కారం మన నమస్కారమే. గుడిలో బుద్ధుని వైపు పాదాలు చాపకూడదు. స్త్రీలు భిక్షువులను తాకకూడదు, ఏదైనా ఇవ్వాలంటే మీ వారి చేత ఇప్పించండి. రాజకుటుంబం గురించి తేలికగా మాట్లాడటం అక్కడ చట్టరీత్యా పెద్ద నేరం, ఆ ప్రసక్తే తేవద్దు. ఈ-సిగరెట్లు కూడా నిషేధమే, మీకు అవసరం లేకపోయినా ఎవరైనా మీ పెట్టెలో పెట్టి పంపుతామంటే ఒప్పుకోవద్దు.

పత్రాల పని మీ అబ్బాయికి అప్పగించండి. 2024 జులై నుంచి భారతీయులకు వీసా లేకుండా 60 రోజుల వరకు ఉండే వీలు ఇచ్చారు గానీ ఈ నియమాలు మారుతుంటాయి, బయలుదేరే నెలలో థాయ్ రాయబార కార్యాలయం వెబ్‌సైటు చూసుకోవాలి. 2025 మే 1 నుంచి ప్రతి విదేశీయుడూ డిజిటల్ అరైవల్ కార్డు నింపడం తప్పనిసరి. చేరే తేదీకి మూడు రోజుల లోపల ప్రభుత్వ వెబ్‌సైటులో ఉచితంగా నింపవచ్చు. డబ్బు కట్టమని అడిగే వెబ్‌సైటు ఏదైనా అసలైనది కాదు. పాస్‌పోర్టులకు కనీసం ఆరు నెలల గడువు ఉండాలి. తిరుగు టికెట్టు, హోటలు బుకింగ్ కాగితాల మీద కూడా ఉంచుకోండి, అధికారి అడిగితే చూపవచ్చు. మోకాళ్ళ మందులు డాక్టరు చీటీతో పాటు చేతిసంచిలోనే పెట్టుకోండి. కొన్ని రకాల గట్టి నొప్పి మాత్రల మీద అక్కడ ఆంక్షలున్నాయి కనుక మీ డాక్టరుతో ముందే మాట్లాడండి. ఇద్దరికీ ప్రయాణ బీమా తీసుకోవడంలో పొదుపు చూడవద్దు.

మీ వారితో మాట్లాడేటప్పుడు ప్యాకేజీ మంచిదా చెడ్డదా అన్న చర్చ ఎత్తవద్దు. ట్రావెల్ ఏజెంటుకు బయానా ఇవ్వకముందే, సఫాన్ తక్సిన్ దగ్గర ఉచితంగా రద్దు చేసుకునే వీలున్న గదిని అయిదు రాత్రులకు బుక్ చేయించండి. రైలు పటాన్నీ అయుత్థయ రైళ్ళ వేళలనూ ఆయన ముందు పెట్టి, ఈ ప్రయాణపు ప్రణాళిక ఆయననే వేయమనండి. రెండు వారాలు గడిచినా ఆయన మనసు కుదుటపడకపోతే, విమానాశ్రయం నుంచి హోటలుకు బండి, రాజప్రాసాదానికి ఒక పూట గైడు, ఈ రెండు మాత్రం ఏజెంటు ద్వారానే కుదుర్చుకోండి. అది ప్యాకేజీ అంత ఖర్చూ కాదు, మీ తీరికను చెడగొట్టేదీ కాదు.